మారు గరిటె

14వ రోజు

నీళ్ళు నలభై లీటర్లు. వేడి సరిపోయింది. తెల్లపొడి నాలుగు చెంచాలు. వచ్చిన గిన్నెలు నూట ఎనభై మూడు. రానివాళ్ళు ఎవరూ లేరు.

గుల్లపేట ఆవిరి గది పుస్తకంలో ఇంతకు మించి రాయకూడదు. నెలాఖరున మా పై అధికారి గురవయ్య గారు వచ్చి చివరి పేజీ కింద సంతకం పెట్టి పోతారు. పదకొండేళ్ళుగా చూస్తున్నాను, పై పేజీ తిప్పిన పాపాన పోలేదు. కాబట్టి ఇవాళ నాకు తోచింది రాస్తాను. చెప్పుకోవడానికి నాకు ఇంకెవరూ లేరు కూడా.

ఇవాళ ఏడాదికోసారి తీసే ఊపిరితిత్తుల బొమ్మలు వచ్చాయి. మా అప్ప, నా తోడబుట్టిన అక్క పైడితల్లికి కుడివైపు ఊపిరితిత్తి పైభాగంలో రేగుపండంత గడ్డ ఉంది. క్యాన్సరే. ఇంకా ఎక్కడికీ పాకలేదన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి రెండుసార్లు గరిటె జారవిడిచాను.

అప్ప ఇరవై రెండేళ్ళుగా సొరంగం గోడలు చెక్కే పనిలో ఉంది. చంద్రుడి రాతి దుమ్ము నూరిన గాజుపెంకు లాంటిది. ఎన్ని గుడ్డలు కట్టుకున్నా, ఎన్ని జల్లెడలు పెట్టినా లోపలికి పోతుంది. అందుకే పొద్దున్నే ప్రతి మనిషీ తన గిన్నె పట్టుకుని నా కిటికీ ముందు వరసలో నిలబడతారు. గరిటెడు వేడినీళ్ళు పోస్తాను. తుండుగుడ్డ కప్పుకుని ఆవిరి పీలుస్తారు. దగ్గు తగ్గి, రొమ్ము తేలికపడి పనికి పోతారు. ఇక్కడ మనిషి ఎదురుపడితే "తిన్నావా" అని అడగరు, "ఆవిరి పట్టినావా" అని అడుగుతారు.

అప్ప మాత్రం ఎప్పటిలాగే నవ్వింది.

"ఏటే సిన్నీ, మొకం అలగెట్టినావు? గడ్డ నాకు కదేటి ఉన్నాది!"

నాకు నవ్వు రాలేదు. నాలుగేళ్ళ కిందట మా ఆయన అప్పలసూరికీ ఇదే మాట చెప్పారు. రెండో రోజే కోసేశారు. బతికాడనుకున్నాం. పదకొండు నెలలకు రెండో ఊపిరితిత్తిలో తేలింది, పోయాడు. ఆయన గిన్నె ఇంకా నా అలమరలోనే ఉంది.

16వ రోజు

వేడి సరిగానే ఉంది. పొడి నాలుగు చెంచాలు.

భూమి నుంచి నాలుగు నెలల కిందట కొత్త డాక్టరు వచ్చాడు. పేరు రుక్మాంగద. మంచివాడే కానీ పేటలో ఎవరికీ నచ్చలేదు. ఎవరింటికి వెళ్ళినా మొదటి గిన్నె అతిథికే పెడతాం కదా. ఈయన "నాకు అలవాటు లేదండీ, కళ్ళద్దాలు మసకబారతాయి" అని గిన్నె పక్కకు జరుపుతాడు. గర్వమని చెప్పుకున్నారు జనం.

ఇవాళ ఆయన అన్న మాటకి నేను నిలువునా నీరయిపోయాను. గడ్డను ఇప్పుడు కోయడట!

"తొమ్మిది, పది వారాలు ఆగుదామమ్మా. ముందు నాలుగు సూదులు ఇస్తాను. ఆ తర్వాత కోద్దాం."

"గడ్డ కనిపిస్తుంటే లోపల ఉంచుతారేటి బాబూ? అదేమైనా అల్లుడా, పండక్కి ఉంచుకోడానికి?" అన్నాను. నా నోరు అంతే.

ఆయనకు కోపం రాలేదు. ఒంట్లో కాపలా కణాలుంటాయట. పరాయిదేదైనా వస్తే పట్టుకోవడం వాటి పని. ఈ గడ్డ వాటి ముందు నేనూ మీవాణ్నే అన్నట్టు వేషం వేసుకుని కూర్చుంటుందట. సూదిమందు ఆ వేషం పనిచేయకుండా చేస్తుంది.

"గడ్డ లోపల ఉండగానే మందిస్తే కాపలా కణాలు దాన్ని చూసి ఆనవాలు పడతాయి. ముందే కోసి పారేస్తే అవి దేన్ని చూసి నేర్చుకుంటాయి? కత్తికి దొరక్కుండా రక్తంలో దాక్కున్న కణాల్ని తర్వాత ఎవరు పట్టుకుంటారు?"

నాకు అప్పలసూరి రెండో ఊపిరితిత్తి గుర్తొచ్చింది. అప్పకు మాత్రం వెంటనే బోధపడింది.

"దొంగని సూపించకుండా దొంగని పట్టమంటే ఎలగ, అంతేనా బాబూ?"

"అంతే. ఈ సూదులు నా దగ్గర నాలుగే ఉన్నాయి. మళ్ళీ ఓడ వచ్చేసరికి ఏడు నెలలు పడుతుంది. అందుకే జాగ్రత్తగా అడుగుతున్నాను. మీరు రోజూ వాడే మందులేమైనా ఉన్నాయా?"

"ఏటీ నేవు," అంది అప్ప.

"ఏటీ నేవు," అన్నాను నేను కూడా.

19వ రోజు

పొడి నాలుగు చెంచాలు. గిన్నెలు నూట ఎనభై మూడు.

మొదటి సూది అయింది. గంటసేపు చేతికి గొట్టం పెట్టుకుని అప్ప నిద్రపోయింది.

ఇవాళ్టి నుంచి అప్పకు మారు గరిటె మొదలుపెట్టాను. జబ్బు చేసిన మనిషికీ, కొత్త పెళ్ళికూతురికీ రెండో గరిటె పోయడం మా పేట మర్యాద. దాన్ని ఎవరూ కాదనరు. మర్యాదకు రెండో వైపు కూడా ఉంది. పేటకు ద్రోహం చేసినవాడి గిన్నె నా కిటికీ మీద బోర్లిస్తాను, ఆవిరి పొయ్యను. కిందటేడు గాలి జల్లెడ దొంగిలించినవాడికి మూడు రోజులు బోర్లించాను. వాడు ఇప్పటికీ నా కళ్ళలోకి చూడడు.

అప్పకు పోసిన మారు గరిటె అడుగునుంచి కలిపి, చిక్కగా పోశాను. పొడి అడుగున ఉంటుంది కదా.

40వ రోజు

రెండో సూది. అప్పకు జ్వరం లేదు, ఒంటిమీద దద్దుర్లు లేవు, ఏమీ లేదు. డాక్టరు మందు ఏమాత్రం బాధ పెట్టలేదని మేం సంతోషపడ్డాం. ఆయన ముఖంలో మాత్రం సంతోషం కనిపించలేదు. "కాస్తయినా అలజడి ఉండాలే" అని తనలో తాను అనుకున్నాడు.

వరసలో వాళ్ళందరూ అప్పకు దారిచ్చి ముందుకు పంపుతున్నారు. మారు గరిటె రోజూ నడుస్తోంది.

47వ రోజు

వేడి చూడలేదు. పొడి ఎన్ని చెంచాలు వేశానో గుర్తులేదు. గురవయ్య గారు ఈ పేజీ చదివితే నా ఉద్యోగం పోతుంది. పోనీ.

బొమ్మ తీశారు. గడ్డ తగ్గలేదు, పెరిగింది. మూడు సెంటీమీటర్లది నాలుగుకు దగ్గరపడింది. అప్ప మాటల్లేక తెర వంకే చూస్తూ ఉండిపోయింది. మా అప్ప మాటల్లేకుండా ఉండటం నేను పుట్టాక ఇదే మొదటిసారి.

"కోసీండి బాబూ! రేపే కోసీండి!" అని అరిచాను.

"రెండు రోజులు. సూదితో చిన్న ముక్క తీసి చూస్తాను. ఒక్కోసారి కాపలా కణాలు గుంపుగా వచ్చి చేరినా గడ్డ పెద్దదిగానే కనిపిస్తుంది. అదే అయితే మనకు మంచిదే."

49వ రోజు

ఇది రాయడానికి మూడుసార్లు కూర్చుని మూడుసార్లు లేచాను.

పొద్దున్న వరస నడుస్తుండగా డాక్టరు నా గదిలోకి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. ముక్కలో క్యాన్సర్ కణాలు దర్జాగా బతికున్నాయట. కాపలా కణం ఒక్కటీ లేదట.

"నాకు అర్థం కావడం లేదమ్మా. రెండు సూదుల తర్వాత కొన్నైనా ఉండాలి. నిద్రమాత్ర వేసుకున్నట్టు ఒక్కటీ కదల్లేదు. ఇక్కడి గాలిలో ఏమైనా ఉందేమో చూద్దామని వచ్చాను."

కూర్చోమని, మర్యాద కొద్దీ గిన్నె అందించాను. పక్కకు జరిపాడు. అప్పుడే అప్ప వంతు వచ్చింది. ఒక గరిటె పోశాను. అడుగునుంచి కలిపి రెండోది పోశాను.

"అందులో ఏం కలుపుతారు?" అన్నాడు.

"తెల్లపొడి."

"అంటే?"

"తెల్లపొడి బాబూ. ఉప్పుని ఉప్పంటాం. ఇదీ అంతే."

"నేను నీలగిరి ఆకు అనుకున్నాను ఇన్నాళ్ళూ," అంటూ డబ్బా అందుకున్నాడు. దాని వెనక చీమ తలంత అక్షరాలతో ఏదో రాసి ఉంటుంది. పదకొండేళ్ళలో నేను చదవలేదు. చదివినా నాకు తెలిసే పేర్లు కావు. ఆయన చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. అలాగే నేల మీదకు జారిపోయాడు. మా పేటలో బరువు తక్కువ కాబట్టి మనిషి కూలబడటం కూడా నెమ్మదిగానే జరుగుతుంది. ఆయన కింద చేరేలోపు నాకు ఏదో అర్థమవడం మొదలైంది.

"మందులేమైనా వాడుతున్నారా అని అడిగాను కదమ్మా!"

"మందు కాదు కదా బాబూ, ఆవిరి!"

"ఇది మందే. ఒంటి కోపాన్ని చల్లార్చే మందు. మీ రొమ్ములు దుమ్ము మీద కోపగించుకోకుండా ఎవరో పెద్దాయన ముప్పై ఏళ్ళ కిందట మొదలుపెట్టి ఉంటాడు. దగ్గు తగ్గేది అందుకే. కానీ ఆ కోపమే నాకు కావాలి! నేను మూడు వారాలకోసారి కాపలావాళ్ళను తట్టి లేపుతున్నాను. మీరు రోజూ పొద్దున్నే జోకొట్టి పడుకోబెడుతున్నారు."

కిటికీ అవతల నూట ఎనభై మంది గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు.

"ఆవిడకి ఎంత పోస్తున్నారు?"

వేళ్ళు చూపించాను. రెండు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగను నేనే. నా చేత్తో, నా గరిటెతో, అడుగునుంచి కలిపి మరీ.

50వ రోజు

అప్పకు నేనే చెప్పాలని పట్టుబట్టి వెళ్ళాను. ఆస్పత్రిలో దుమ్ము రాని అద్దాల గది ఒకటి ఉంది. ఇక అప్ప అక్కడే ఉంటుంది. మంచం పక్కన నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. నాలుగు సూదుల్లో రెండు నా వల్ల నేలపాలయ్యాయని కూడా చెప్పాను.

అప్ప నన్ను ఎగాదిగా చూసింది.

"నీ సేతి కూర తిని బతికినదాన్ని, నీ ఆవిరికి సస్తానేటే?" అంది. తర్వాత ముఖం గోడవైపు తిప్పుకుంది. "నాను బతికితే నిన్ను తిడతాను. ఇప్పుడు ఊపిరి సాలదు. ఎల్లు."

నేను వచ్చేశాను. తిట్టి ఉంటే బాగుండేది.

58వ రోజు

ఆవిరి ఒక్కసారిగా ఆపకూడదట. ఏళ్ళ తరబడి అలవాటుపడ్డ ఒళ్ళు కుప్పకూలుతుందట. అందుకని రోజురోజుకీ తగ్గించాలి. ఆ పని ఇంకెవరికీ ఇవ్వనని డాక్టరుకు చెప్పాను. ముప్పావు గరిటె, అర గరిటె, ఇవాళ పావు.

అప్ప దగ్గు అద్దాల గది బయటికి కూడా వినిపిస్తోంది. కీళ్ళన్నీ నొప్పులు. ఎన్నడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి నా చెయ్యి పట్టుకుంది.

"సిన్నీ, ఒక్క సుక్క ఎక్కువెయ్యవే. రొమ్ము పట్టీసినాది. ఒక్క సుక్క. డాక్టరు బాబుకి సెప్పను."

నేను వెయ్యలేదు. అప్ప వేళ్ళు ఒక్కొక్కటే విడదీసుకుని బయటికి వచ్చి, నడవలో కూర్చుని ఏడ్చాను. పదకొండేళ్ళలో నా చేతులు కాదన్నది ఒక్క ఆ జల్లెడ దొంగనే. ఇప్పుడు మా అప్పని.

68వ రోజు

ఆవిరి పూర్తిగా ఆగి రెండు రోజులు. ఇవాళ మూడో సూది. ఇంక మిగిలింది ఒక్కటే.

74వ రోజు

అప్పకు జ్వరం. ఒళ్ళంతా దద్దుర్లు, విపరీతమైన దురద. నేను భయంతో పరుగెత్తుకుంటూ వెళితే డాక్టరు ఆ దద్దుర్లను చూసి చంటిపిల్ల తొలి అడుగు చూసినట్టు మురిసిపోతున్నాడు.

"లేచాయమ్మా!" అన్నాడు.

ఆయన సంతోషం ఆయనది. గోకి గోకి అప్ప చేతులు ఎర్రబడ్డాయి. "మీరు గోక్కోండి బాబూ, అప్పుడు నవ్వండి," అంది అప్ప.

97వ రోజు

నాలుగో సూది కూడా అయిపోయింది. ఇవాళ బొమ్మ తీశారు.

గడ్డ తగ్గలేదు. కిందటిసారి కంటే వెంట్రుకవాసి పెద్దదే.

ఇంతకాలం ఆశతో బిగపట్టుకున్నదంతా ఒక్కసారిగా జారిపోయింది. రెండు సూదులు నేను పాడుచేశాను. రెండు సరిపోలేదు. ఓడ రావడానికి ఇంకా నాలుగు నెలల పైన ఉంది. ఇంతకు మించి ఏం అర్థం చేసుకోవాలి?

"బొమ్మలో నీడే కనిపిస్తుంది," అన్నాడు డాక్టరు. "ఆ నీడలో ఉన్నది గడ్డా, గడ్డ మీద పడ్డ కాపలావాళ్ళా అన్నది బొమ్మ చెప్పదు. ఇక ఆగడంలో అర్థం లేదు, కోసి చూస్తాం. ఎక్కడికీ పాకలేదు, అంతవరకు నమ్మకంగా చెప్పగలను."

ఈ మాట నలభై ఏడో రోజున కూడా విన్నాను. అప్పుడూ ఆశ పెట్టుకున్నాను. ఈసారి నమ్మబుద్ధి కాలేదు.

103వ రోజు

కోశారు. అయిదు గంటలు పట్టింది. కుడి ఊపిరితిత్తి పైభాగం తీసేశారు. అప్ప కళ్ళు తెరిచింది. తీసిన భాగాన్ని పలుచని ముక్కలుగా తరిగి, ఒక్కొక్కటీ భూతద్దం కింద చూస్తారట. ఆరు రోజులు పడుతుంది.

ఆవిరి గది పని తప్పలేదు. డాక్టరు, గురవయ్య గారు కలిసి అందరికీ పొడి తగ్గించే లెక్క కడుతున్నారు. ఇవాళ్టి నుంచి మూడు చెంచాలు. గురవయ్య గారు మొదటిసారి ఈ పుస్తకం ముందు నుంచి చదివారు. నన్ను ఏమీ అనలేదు. సంతకం పెట్టారు, కళ్ళు తుడుచుకుని వెళ్ళారు.

109వ రోజు

డాక్టరు నన్ను పిలిచాడు. కుర్చీ చూపించాడు. కూర్చోమంటే చెడ్డ కబురేనని నాకు తెలుసు. అప్పలసూరి విషయంలోనూ కుర్చీయే చూపించారు. నేను కూర్చోలేదు.

"అన్ని ముక్కలూ చూశాను. నమ్మలేక రెండోసారి చూశాను. క్యాన్సర్ కణం ఒక్కటి కూడా బతికి లేదమ్మా."

"ఒక్కటి అంటే?"

"ఒక్కటీ లేదు. గడ్డ ఉన్నచోట మచ్చకట్టిన కండ, చచ్చిన కణాలు, వాటి చుట్టూ కిక్కిరిసిన కాపలావాళ్ళు. బొమ్మలో మనకు కనిపించిన నీడ వాళ్ళే."

చచ్చిపోయిన గడ్డ కోసమా మేం ఇన్ని రోజులు ఏడ్చింది! లేనిదాని కోసమా అప్ప రొమ్ము కోసింది! ఆ మాటే అడిగేశాను. కోసి చూస్తే తప్ప లేదని తెలిసే దారి ఇవాళ్టికి తన దగ్గర లేదన్నాడు. ఇక ముందు కూడా ప్రతి మూడు నెలలకూ బొమ్మ తీస్తూనే ఉండాలన్నాడు.

అప్పుడు కూర్చున్నాను. కూర్చున్నాక, డాక్టరు డబ్బా చదివిన రోజు నుంచి గొంతులో ముల్లులా ఉన్న మాట బయటికి వచ్చింది.

"బాబూ, మా ఆయనకి కోసినాక పదకొండు నెలలకే మళ్ళీ తేలినాది. అన్నాళ్ళూ రోజూ నానే మారు గరిటె పోసినాను. అడుగునుంచి కలిపి."

ఏదో ఒక తీపి అబద్ధం చెబుతాడేమోనని చూశాను.

"తెలీదమ్మా," అన్నాడు. "ఆయనకు ఈ సూదిమందు లేదు. ఆవిరి వల్లే తిరగబెట్టిందని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను."

ఇంటికి వచ్చి అలమర తెరిచాను. అప్పలసూరి గిన్నె తీసి కడిగాను. ఏం చేయాలో తోచక మళ్ళీ అక్కడే పెట్టాను.

140వ రోజు

నీళ్ళు నలభై లీటర్లు. వేడి సరిపోయింది. తెల్లపొడి రెండు చెంచాలు.

అప్పను నిన్న ఆస్పత్రి నుంచి పంపారు. ఇక గోడలు చెక్కే పని లేదు. గాలి శుభ్రంగా ఉండే కూరగాయల మళ్ళలో పని. ఆవిరి వాసన కూడా చూడకూడదు. ఇన్నాళ్ళకు బయటికి వచ్చిందేమో, అప్ప పొద్దున్నే గిన్నె పట్టుకుని వరసలో నిలబడింది. ఇరవై రెండేళ్ళ అలవాటు. అందరితో కలిసి నిలబడకపోతే పేటలో మనిషి కానట్టు ఉంటుంది, నాకు తెలుసు. జనం సంబరంగా దారిచ్చి ముందుకు పంపారు.

"పొయ్యవే," అంది. "ఒట్టి నీళ్ళయినా పొయ్యి. ఊరికే పట్టుకుంటాను."

నా గరిటె గాల్లో ఆగింది. ఒట్టి నీళ్ళు పోస్తే ఏం పోయింది? కానీ రేపు కూడా వస్తుంది. ఎల్లుండి నేను లేని రోజున ఇంకెవరో జాలిపడి మారు గరిటె పోస్తారు. జాలి ఎలా ఉంటుందో ఈ పేటలో నాకంటే ఎవరికి తెలుసు?

అప్ప చేతిలోంచి గిన్నె తీసుకున్నాను. నూట ఎనభై రెండు మంది చూస్తుండగా కిటికీ మీద బోర్లించాను.

వరస మొత్తం హా అంది. ఎవరిదో గిన్నె జారి కిందపడి దొర్లింది. జల్లెడ దొంగ ఒక్కడే తలెత్తి మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు. అప్ప ముఖం ఎర్రబడింది. బోర్లించిన గిన్నెను చూసింది, నన్ను చూసింది. గట్టిగా ఊపిరి తీసుకుని, సిన్నీ అనకుండా నా అసలు పేరు పెట్టి పిలిచింది.

"ఒలే నూకరత్నం! ఎంత పొగరే నీకు! నా గిన్నె బోర్లించీసినావా? నిన్ను ఎత్తుకుని పెంచినానే! నీ జడ నానేసినానే! నీ పెళ్ళికి నా గాజులమ్ముకున్నానే! రెండు సూదులు తగలెట్టీసి, నా రొమ్ము కోయించీసి, ఇప్పుడు నలుగురిలో పరువు కూడా తీసీసినావా..."

అలా మొదలుపెట్టి నా పుట్టుక దగ్గర్నుంచి అందుకుంది. యాభయ్యో రోజున నాకు బాకీపడ్డ తిట్లన్నీ ఒక్కటీ మిగల్చకుండా తిట్టింది. వరసలో వాళ్ళు మొదట బిత్తరపోయారు, తర్వాత ఒక్కొక్కరే నవ్వడం మొదలుపెట్టారు. డాక్టరు గడియారం చూసుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. పదకొండు నిమిషాలట. ఆ పదకొండు నిమిషాల్లో అప్ప ఒక్కసారి కూడా దగ్గలేదు.

వచ్చిన గిన్నెలు నూట ఎనభై రెండు. బోర్లించినది ఒకటి.